నేల కుంగితే వాగు ఎటు పోతుంది?

సింగరేణి భూగర్భ గనులు, నేల కుంగుబాటు, నీటి దారులపై ఒక సమీక్ష

జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ బొగ్గు బాయి లేదు. అయినా ఈ మూడు ఊళ్లకు బొగ్గు పరాయిదేం కాదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయే దాకా గోదావరిఖని, జగిత్యాల, సిరిసిల్ల అన్నీ ఒకే కరీంనగర్ జిల్లా. కోరుట్ల, జగిత్యాల మీదుగా వెళ్లే 63వ జాతీయ రహదారి మంచిర్యాల చేరేసరికి బొగ్గు లారీల వరసలో కలుస్తుంది. సిరిసిల్ల పక్క నుంచి పారే మానేరు మంథని దగ్గర అరెంద వద్ద గోదావరిలో పడుతుంది. ధర్మపురి దాటిన గోదావరి ఎల్లంపల్లి జలాశయంలో ఆగి, అక్కడి నుంచి రామగుండం, శ్రీరాంపూర్ గనుల మధ్యగా సాగిపోతుంది. అంటే పై ఊళ్ల నీరు కింది ఊళ్ల గనుల పక్క నుంచే పోతోంది.

అందుకే బోర్లు ఎండినప్పుడల్లా ఇక్కడా ఒక అనుమానం లేస్తుంది. భూమిలోపల తవ్వితే పైన నేల ఎంత కుంగుతుంది, వాగులు, చెరువులు, బావులు ఏమవుతాయి? ఈ ప్రశ్నలో మొదటి సగానికి జవాబు చాలావరకు దొరికింది. గని ఇంజనీర్లు కుంగుబాటును ముందే లెక్కగట్టి, తర్వాత మిల్లీమీటర్లలో కొలుస్తున్నారు. రెండో సగం, అంటే నీటి లెక్క, ముక్కలు ముక్కలుగా ఉండిపోయింది. గని అనుమతులు పేనల్ (ఒక విడతలో తవ్వే బొగ్గు భాగం) వారీగా, లీజు వారీగా నడుస్తాయి. వాగు మాత్రం తన పరీవాహకాన్నంతా చుట్టుకొని పారుతుంది. సమస్యంతా ఈ రెండు కొలతల మధ్య ఉన్న ఖాళీలోనే ఉంది.

రాయి మారితే కథ మారుతుంది

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద గోదావరిఖని వైపు వెళ్తుంటే కిటికీలోంచే భూగర్భశాస్త్రం కనిపిస్తుంది. కరీంనగర్ చుట్టూ గుండ్లు, గుట్టలు, గ్రానైట్ క్వారీలు. పెద్దపల్లి దాటి బసంత్‌నగర్ చేరేసరికి సిమెంటు ఫ్యాక్టరీ వస్తుంది, అంటే కింద సున్నపురాయి ఉందన్నమాట. ఇంకొంచెం ముందుకెళ్తే ఇసుకరాయి, దాని పొరల మధ్య బొగ్గు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైటు, నైస్ శిల. అగ్నిలో పుట్టి, ఒత్తిడిలో గట్టిపడ్డ రాయి అది. మొక్కల అవశేషాలు పొరలుగా పేరుకొని బొగ్గుగా మారే అవకాశం అందులో లేదు. బొగ్గున్నది ప్రాణహిత, గోదావరి లోయలోని గోండ్వానా పొరల్లో. ఈ పట్టీ కొమరం భీం ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి మీదుగా కొత్తగూడెం, ఖమ్మం వైపు సుమారు 350 కిలోమీటర్లు సాగింది. బొగ్గు ప్రధానంగా బరాకర్ అనే పొరలో ఉంటుంది. దాని పైభాగాన కామ్తి ఇసుకరాయి ఉంటుంది.

నీటి విషయంలో ఈ రెండు రాళ్ల స్వభావం పూర్తిగా వేరు. గ్రానైటులో నీరు పై మొరం పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే బోరులో నీళ్లు పడతాయి, తగలకపోతే దుమ్ము లేస్తుంది. ఇసుకరాయి అలా కాదు. దాని రేణువుల మధ్య సందులన్నీ నీటికి చోటిస్తాయి. బొగ్గు పొర పైనా కిందా ఇలాంటి నీటి రాయి ఉండటం వల్లే సింగరేణి బాయిలో బొగ్గు ఎత్తినంత శ్రద్ధగా నీటినీ ఎత్తిపోయాలి. కోరుట్లలో బోరు ఎండటానికి గోదావరిఖని బాయి కారణమనే మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. కోరుట్ల వట్టి బోర్ల కథ వరి విస్తీర్ణం, బోర్ల సంఖ్య, వానల లోటు చుట్టూ తిరుగుతుంది. బొగ్గు పట్టీ లోపలి ఊళ్లలో మాత్రం ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం.

లోపల ఏం జరుగుతుంది

1871లో భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. బెల్లంపల్లి, కొత్తగూడెం తర్వాత 1960ల ఆరంభంలో రామగుండం బాయిలు తెరుచుకున్నాయి. 1970ల మధ్య దాకా సింగరేణి బొగ్గంతా భూగర్భం నుంచే వచ్చింది. గోదావరిఖనిలో ఇప్పటికీ కాలనీల పేర్లు ఇంక్లైన్ (బాయిలోకి దిగే ఏటవాలు దారి) నంబర్లతోనే చెల్లుతాయి.

ఎక్కువ బాయిల్లో నడిచిన పద్ధతి బోర్డ్ అండ్ పిల్లర్. మొదట సీములో, అంటే బొగ్గు పొరలో, అడ్డంగా, నిలువుగా దారులు తొలిచి, మధ్యలో బొగ్గు దిమ్మెలను పిల్లర్లుగా నిలబెడతారు. ఈ దశలో ఉన్న బొగ్గులో మూడో వంతుకు మించి బయటికి రాదు. పైకప్పు నిలబడే ఉంటుంది కాబట్టి నేల కుంగదు. తర్వాతది డీపిల్లరింగ్. వెనక నుంచి ఒక్కొక్క పిల్లర్‌నే తీసుకుంటూ వెనక్కి వస్తారు. ఖాళీ అయిన చోటును కార్మికులు గోఫ్ అంటారు. ఆధారం పోయాక గోఫ్‌లో పైకప్పు కూలుతుంది. లాంగ్‌వాల్ పద్ధతిలో పిల్లర్లే ఉండవు. కోత యంత్రం గోడ పొడుగునా బొగ్గును చెక్కుకుంటూ పోతుంటే ఉక్కు సపోర్టులు దానితో పాటు కదులుతాయి, వాటి వెనక కప్పు కూలిపోతుంది. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల ప్రాజెక్టులో 2014 నుంచి ఈ పద్ధతి పెద్ద ఎత్తున నడిచింది.

ఈ కూలడం పైదాకా ఎలా పాకుతుందో మూడు మీటర్ల మందమున్న సీముతో లెక్కేసి చూద్దాం. కూలిన రాయి ముక్కలైనప్పుడు ఉబ్బుతుంది. అసలు ఘనపరిమాణానికి అది 1.2 నుంచి 1.5 రెట్లవుతుంది. కాబట్టి 10, 15 మీటర్ల ఎత్తు దాకా కూలేసరికి ఖాళీ నిండిపోయి, కూలడం దానంతటదే ఆగుతుంది. దాని పైన పొరలు కూలవు గానీ విరిగి, పగుళ్లు బారుతాయి. ఈ పగుళ్ల మండలం సీము మందానికి 30 నుంచి 50 రెట్ల దాకా, అంటే 90 నుంచి 150 మీటర్ల వరకు ఎగబాకుతుంది. ఆపైన రాయి విరగకుండా వంగుతుంది.

బాయి లోతు ఎంతన్నది ఇక్కడే కీలకమవుతుంది. సీము 100 మీటర్ల లోతులో ఉంటే పగుళ్లు నేల దాకా వచ్చి పొలంలో నెర్రెలుగా తేలొచ్చు. 300 మీటర్ల లోతులో ఉంటే మధ్యలో వంగిన పొర ఒకటి అడ్డుగా మిగులుతుంది. నేల కుంగినా వాగు నీరు నేరుగా బాయిలోకి జారే దారి అంత తేలిగ్గా ఏర్పడదు.

కప్పును కూలనిస్తే పైన నేల సాధారణంగా సీము మందంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా దిగుతుంది. మన ఉదాహరణలో అది దాదాపు 1.8 మీటర్లు, అంటే మనిషి ఎత్తు. కుంగుడు బాయి హద్దు దగ్గరే ఆగదు. హద్దు నుంచి ఏటవాలుగా బయటికి పాకుతుంది. ఆ కోణం 25 డిగ్రీలనుకుంటే 100 మీటర్ల లోతు బాయి ప్రభావం పేనల్ అంచు దాటి 47 మీటర్లు వెళ్తుంది, 300 మీటర్ల లోతుదైతే 140 మీటర్లు. లోతు పెరిగితే కుంగుడు పలచబడుతుంది గానీ వెడల్పు పెరుగుతుంది.

రామగుండంలో ఇంకో చిక్కుంది. అక్కడ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు పెట్టిన సీములు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పై సీము తీశాక కుదుటపడ్డ నేల కింది సీము తీసినప్పుడు మళ్లీ కదులుతుంది. పాత పగుళ్లు మళ్లీ నోరు తెరుస్తాయి.

వరిమడి చెప్పే సాక్ష్యం

కుంగుడు వల్ల జరిగే నష్టం ఎంత దిగిందన్న దానికన్నా ఎంత అసమానంగా దిగిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఊరంతా ఒకే తీరుగా రెండు మీటర్లు దిగితే ఇళ్లకు బీటలు పడవు. ఒక మూల దిగి ఇంకో మూల నిలబడితేనే గోడ చీలుతుంది. అందుకే ఇంజనీర్లు వాలును, సాగుదలను కొలుస్తారు. ఇళ్లకు, రైలు పట్టాలకు మీటరుకు 3 మిల్లీమీటర్ల సాగుదలను హద్దుగా పెట్టుకుంటారు. అటవీ భూమి కింద తవ్వకాలకు ఈ హద్దు మీటరుకు 20 మిల్లీమీటర్లు. చెట్టు తట్టుకుంటుందని ఆ సడలింపు.

వరిమడి మాత్రం అంత తట్టుకోదు. మడిలో నీరు రెండు, మూడు అంగుళాల మందాన అంతటా సమంగా నిలవాలి. నేల మీటరుకు ఒక్క సెంటీమీటరు ఒరిగితే 30 మీటర్ల మడిలో ఒక గట్టుకీ ఇంకో గట్టుకీ 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒక మూల మునుగుతుంది, ఇంకో మూల ఎండుతుంది. ట్రాక్టరుతో చదును చేసుకోవచ్చు గానీ, పై మట్టిని గీకి పల్లంలోకి తోస్తే సారమూ దానితో పాటే పోతుంది. సర్వే పరికరం పెట్టకముందే నేల ఒరిగిందని రైతు చెప్పగలిగేది ఈ మడిని చూసే. గోఫ్ మీది పొలాల్లో వరి పోయి పత్తి వస్తే, దాని వెనక ధర ఒక్కటే కాదు, నీళ్లు నిలవని నేల కూడా ఉండొచ్చు.

చెరువు కట్ట కష్టం ఇంకా పెద్దది. కట్ట మట్టి నొక్కుడును భరిస్తుంది గానీ లాగుడును భరించదు. కుంగుడు గుంత అంచు, అంటే నేల సాగే చోటు, కట్టను అడ్డంగా కోస్తే బీట పడుతుంది. వానాకాలం మొదటి వరదకు ఆ బీట గండి అవుతుంది. తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. ఒక కట్ట కదిలితే నష్టం ఆ ఊరితో ఆగదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయడానికి పెట్టిన శ్రద్ధ, బొగ్గు పట్టీ చెరువుల కింద ఏ సీము ఎప్పుడు తీస్తారన్న లెక్కతో కలిసి ఉండాల్సింది.

వాగు అడుగున వచ్చే మార్పు

ఈ ప్రాంతపు చిన్న వాగులకు వాలు చాలా తక్కువ. కిలోమీటరుకు మీటరు వాలున్న వాగును తీసుకుందాం. 150 మీటర్ల వెడల్పున్న పేనల్ మీద అది పారే దూరంలో దిగాల్సింది 15 సెంటీమీటర్లే. అదే చోట నేల 1.8 మీటర్లు కుంగితే వాగు గుంతలో పడ్డట్టే. గుంత నిండేదాకా నీరు ముందుకు పోదు. నిండాక పోతుంది గానీ తెచ్చిన ఇసుకంతా అక్కడే వదిలేస్తుంది. ఇసుక భారం దిగిన నీరు కింద ఒడ్లను కోయడం మొదలుపెడుతుంది. ఎగువన వాలు ఉన్నట్టుండి పెరిగి అక్కడా కోత పడుతుంది. ఇలా కొత్త వాలు కుదురుకోవడానికి కొన్ని వానాకాలాలు పడతాయి.

పగుళ్లు వాగు అడుగున పడితే ఇంకో రకం నష్టం. వానాకాలంలో వరద ఎక్కువ కాబట్టి ఎవరికీ తెలియదు. కార్తీకం దాటాక సన్నగా పారాల్సిన నీరు ఒక చోట నేలలోకి ఇంకిపోతుంది. కొంత దూరం పోయాక మళ్లీ తేలొచ్చు, తేలకపోవచ్చు. వేసవి ఊట తగ్గడం ఇలాగే మొదలవుతుంది. అందుకే వరద ప్రవాహాన్ని కొలిచి వాగు బాగుందని చెప్పడం తప్పు. కొలవాల్సింది మాఘ, ఫాల్గుణాల్లో పారే సన్నని ధార.

బావుల సంగతి పంపుల మీద ఆధారపడి ఉంటుంది. బాయి లోపల నీటిని తోడుతూ ఉంటే చుట్టూ భూగర్భ జలమట్టం గరాటు ఆకారంలో దిగుతుంది. తోడిన నీటిని వాగులోకి వదిలితే మొన్నటిదాకా వేసవిలో ఎండిన వాగు ఏడాదంతా పారడం మొదలవుతుంది. ఊరి బావి ఎండి, ఊరి పక్క వాగు పారే వింత స్థితి వస్తుంది. ఆ వాగు నీటి మీద ఆధారపడి రైతులు మోటార్లు పెట్టుకున్నాక గని మూతపడితే పంపులు ఆగి ధార తెగిపోతుంది. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి అమెరికా గనుల్లో కనిపించే ఆమ్లపు ఎర్రనీటి బెడద ఇక్కడ పెద్దగా లేదు. ఇక్కడి గని నీటికి ఉప్పదనం, కఠినత్వం, బొగ్గు నుసి ప్రధాన లోపాలు.

నీరు లోపలికి వస్తే

ఇప్పటిదాకా చెప్పింది పైవాళ్ల నష్టం. లోపలున్నవాళ్లకు అదే నీరు ప్రాణగండం. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో నీటి ప్రమాదం 375 మందిని మింగింది. బొగ్గు గనుల నిబంధనలు నీటి విషయంలో ఎందుకంత కఠినంగా ఉన్నాయో ఈ అంకెలు చెబుతాయి.

1957లో వచ్చి 2017లో తిరగరాసిన ఆ నిబంధనల ప్రకారం నది, కాలువ, చెరువుల కింద గానీ, వాటి ఒడ్డుకు 15 మీటర్ల దూరం లోపల గానీ ముందస్తు అనుమతి లేకుండా తవ్వకూడదు. నీరు నిలిచిన పాత బాయికి 60 మీటర్ల దగ్గరికి వస్తే ముందుగా బోరు రంధ్రాలు వేసి చూస్తూ సాగాలి. వానాకాలానికి ముందు గోఫ్ మీది నెర్రెలను బంకమట్టితో పూడ్చాలి, చుట్టూ కాలువ తవ్వి వాన నీటిని మళ్లించాలి. పూడ్చకపోతే నీరే కాదు, గాలి కూడా లోపలికి పోయి మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది.

ఈ నిబంధనల్లో ఒక విషయం గమనించాలి. ఇవి గనిని నీటి నుంచి కాపాడటానికి పుట్టినవి. నీటిని గని నుంచి కాపాడటం వీటి పని కాదు. నది ఒడ్డు నుంచి లెక్కగట్టిన ఆ 15 మీటర్లు కార్మికుడి మీదికి వరద రాకుండా పెట్టిన హద్దు. వేసవి ఊట తగ్గకుండా ఉండటానికి ఎంత దూరం కావాలన్న ప్రశ్న అందులో లేదు. పర్యావరణ అనుమతుల షరతుల్లో బావుల నీటిమట్టాలు కొలవమని ఉంటుంది. అవి కూడా ఆ గని లీజు చుట్టూ ఉండేవే. ఒకే వాగు మీద వరసగా ఉన్న గనులన్నిటి లెక్కను కూడి చూపే పట్టిక ఊరి చేతికి అందదు.

ఇసుకతో మందు, ఇసుకకే జబ్బు

కుంగుడును ఆపే మార్గం పాతదే, ఇసుక నింపుడు. దీన్ని బాయిల్లో స్టోయింగ్ అంటారు. పైన బంకరులో ఇసుకను నీటితో కలిపి గొట్టాల గుండా ఖాళీ అయిన చోటుకు పంపుతారు. అక్కడ వెదురు తడికల అడ్డు కడతారు. ఇసుక లోపల ఆగుతుంది, నీరు తడిక సందుల్లోంచి కారి సంపులోకి చేరి మళ్లీ పైకెళ్తుంది. బాగా నింపితే కుంగుడు సీము మందంలో 5 శాతానికి పడిపోతుంది. మన మూడు మీటర్ల సీము మీద 1.8 మీటర్ల గుంత పడాల్సిన చోట 15 సెంటీమీటర్లే దిగుతుంది. పట్టణాలు, రైలు మార్గాలు, వాగుల కింద బొగ్గు తీయగలిగింది దీనివల్లే. ప్రభుత్వం 1939లోనే స్టోయింగ్ కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది.

అయితే ఒక ఘనమీటరు బొగ్గు తీసిన చోట దాదాపు అంతే ఇసుక కావాలి. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి బాయిలకు ఆ ఇసుక దశాబ్దాల పాటు గోదావరి నుంచే వచ్చింది. నది అడుగున ఉన్న ఇసుక మేటలు వట్టి సరుకు కావు. వరద నీటిని పట్టి ఉంచి, వేసవిలో మెల్లగా వదిలే ఖజానా అవి. ఇసుక తీస్తే నది అడుగు దిగుతుంది, ఒడ్డు బావుల మట్టం దానితో పాటు దిగుతుంది. బాయి మీది వాగును కాపాడటానికి పెద్ద నదిని తవ్వుకున్నామన్నమాట.

సిరిసిల్ల, పెద్దపల్లి జిల్లాల మానేరు పరీవాహక రైతులకు ఈ నష్టం ఎవరూ వివరించాల్సిన పనిలేదు. అక్కడ ఇసుక బాయిలకు కాక భవనాలకు పోయింది, అంతే తేడా. 2017 జూలైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్లలో ఇసుక లారీ కింద పడి ఒక గ్రామస్తుడు చనిపోవడం, ఊరివాళ్లు లారీలకు నిప్పుపెట్టడం, ఆ తర్వాతి అరెస్టులు రాష్ట్రమంతా మార్మోగాయి. బోర్లను, ఇసుకను కలిపి నియంత్రించడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. అమలు మాత్రం మండలానికో తీరుగా సాగింది.

ఇప్పుడు ఇసుకకు బదులు ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గనుల మట్టి గుట్టల ఇసుకరాయిని నలగ్గొట్టి, కడిగి తీసిన ఇసుకను వాడటం, థర్మల్ కేంద్రాల అడుగు బూడిదను నింపడం మొదలైంది. దిశ మంచిదే. అయితే బూడిదలోని లవణాలు, లోహాలు గని నీటిలో ఎంత కరుగుతాయన్న పరీక్ష నింపిన రోజుతో ముగిసేది కాదు. గని మూతపడి నీరు నిండిన తర్వాత కూడా పరీక్షిస్తూనే ఉండాలి.

ఇతర దేశాలు నేర్చుకున్న పాఠాలు

జర్మనీలోని రూర్ ప్రాంతంలో నూరేళ్లకు పైగా తవ్వి, 2018 డిసెంబరులో చివరి బొగ్గు బాయిని మూశారు. కొన్ని చోట్ల నేల 20 మీటర్లకు పైగా దిగింది. ఎంషర్ నదిలోకి పోవాల్సిన నీరు ఇప్పుడు తనంతట తాను పారలేదు. పంపులు ఆపితే ఊళ్లు చెరువులవుతాయి. ఆ పంపుల ఖర్చు, గని నీటి నిర్వహణ ఖర్చు కలిపి ఏటా 20 కోట్ల యూరోలు దాటుతుంది. ఆ బాధ్యతకు అంతం లేదని ఒప్పుకొని, దానికోసం శాశ్వత నిధి ఏర్పాటు చేశారు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1994 నాటి చట్టం ప్రకారం లాంగ్‌వాల్ గనుల ప్రభావాన్ని ప్రతి ఐదేళ్లకూ బయటివాళ్లతో సమీక్షించి నివేదికను జనం ముందు పెడతారు. ఏ వాగు ఎన్ని అడుగుల మేర ఎండింది, ఎన్ని బావులకు ప్రత్యామ్నాయ నీరు ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. అక్కడ రైయర్సన్ స్టేషన్ పార్కులోని డ్యూక్ లేక్ ఆనకట్టకు 2005లో బీటలు పడటంతో జలాశయాన్ని ఖాళీ చేశారు. గని కంపెనీ 2013లో 3.6 కోట్ల డాలర్ల పరిష్కారానికి వచ్చింది. నేల కదలిక ఆగలేదని తేలడంతో ఆనకట్టను మళ్లీ కట్టనేలేదు. డబ్బు చేతికి వచ్చినా చెరువు తిరిగి రాదని ఆ కేసు చెబుతోంది.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి నీరిచ్చే పరీవాహకంలోని కాటరాక్ట్ నది, వరాటా వాగు కింద జరిగిన లాంగ్‌వాల్ తవ్వకాల వల్ల రాతి అడుగు చీలి నీరు కిందికి పోయింది. లోయల్లో వాగు అడుగు దిగకుండా పైకి ఉబ్బి విరుగుతుందని అక్కడే బాగా అర్థమైంది. 2008 నాటి ప్రభుత్వ విచారణ తర్వాత వాగు వాగుకూ విడివిడిగా ప్రమాద అంచనా వేయాలన్న ధోరణి బలపడింది.

ఓపెన్‌కాస్టు జవాబా?

కుంగుడు మీద ఇంత చర్చ చేస్తే, భూగర్భ గనులే వద్దు, పైనుంచి తవ్వితే పోలేదా అన్న మాట వస్తుంది. సింగరేణి ఆ దారిలోనే పోయింది. నలభైకి దగ్గరగా ఉన్న గనుల్లో సగానికి పైగా భూగర్భ గనులే అయినా, ఏటా వచ్చే సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గులో 90 శాతానికి పైగా ఓపెన్‌కాస్టుదే. ఒకప్పటి బాయిల్లో మిగిలిన పిల్లర్లను తీయడానికి వాటి స్థానంలోనే ఓపెన్‌కాస్టులు తెరుస్తున్నారు.

వాగు వైపు నుంచి చూస్తే ఇది మంచి బేరం కాదు. భూగర్భ గని వాగును ఒంచుతుంది, ఓపెన్‌కాస్టు వాగును తీసి పక్కన పెడుతుంది. కొత్త కాలువ తవ్వి మళ్లించిన వాగుకు పాత వాగు వంకలూ ఉండవు, ఇసుక మేటలూ ఉండవు, వేసవి ఊటా ఉండదు. నీటిని పట్టి ఉంచే ఇసుకరాయి పొర మొత్తం గుట్టగా మారి పక్కకు పోతుంది. ఊరు ఖాళీ చేయాలి. నింపుడుతో సక్రమంగా నడిచిన భూగర్భ గని మీద ఊరు, పొలం, చెరువు మూడూ మిగలొచ్చు. కార్మిక సంఘాలు భూగర్భ గనులు నిలపాలనడం ఉద్యోగాల కోసమే అనుకుంటాం గానీ, ఆ వాదన నీటికీ మేలు చేసేదే.

ఇక్కడ రైతు హక్కు మాట కూడా రావాలి. భూగర్భ గనికి పై భూమిని కొనకుండా కింది హక్కులే తీసుకోవడం మామూలు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది, నష్టం మాత్రం పొలం మీదికి వస్తుంది. ఖనిజాల చట్టంలోని 24ఏ సెక్షను పైభూమికి జరిగే నష్టానికి పరిహారం ఇవ్వాలంటుంది. పంట పోతే లెక్క తేలిక. మడి ఒరిగి శాశ్వతంగా దిగుబడి తగ్గితే, వాగు ఊట ఎండితే లెక్క ఎవరు కట్టాలి, ఏ ఏడాది నుంచి కట్టాలి? తవ్వకానికి ముందటి కొలత లేకపోతే నిరూపించే భారమంతా రైతు మీదే పడుతుంది.

పై ఊళ్ల భూగర్భం

జగిత్యాల, సిరిసిల్ల వైపు బొగ్గు బాయిలు లేకపోయినా భూగర్భ తవ్వకాలు లేవని కాదు. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా ధర్మారం మండలం మేడారంలోనూ, రామడుగు మండలం లక్ష్మీపూర్‌లోనూ భూమి లోపల పంపుహౌస్‌లు కట్టారు. లక్ష్మీపూర్‌లో ఒక్కోటి 139 మెగావాట్ల పంపులు ఏడున్నాయి. మధ్యమానేరు నుంచి మల్కపేట రిజర్వాయరు వైపు దాదాపు 12 కిలోమీటర్ల సొరంగం పోయింది. ఇంత పెద్ద గుహల మీద నేల కుంగకపోవడానికి కారణం రాయే. గ్రానైటు తన బరువు తాను మోసుకుంటుంది. పైగా సొరంగాన్ని నిలబెట్టడానికి తవ్వుతారు, బొగ్గు పేనల్‌ను కూలనివ్వడానికే తవ్వుతారు.

నీటి మాట వచ్చేసరికి గ్రానైటుకూ మినహాయింపు లేదు. సొరంగం తవ్వుతున్నప్పుడు పగుళ్లలోంచి కారే నీరు పై బోర్ల నీరే కావచ్చు. తర్వాత కాంక్రీటు లైనింగ్ ఆ కారుడును ఆపుతుంది. బొగ్గు గనుల నుంచి ఇక్కడికి తెచ్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. తవ్వకానికి ముందు చుట్టుపక్కల బోర్ల మట్టాలు రాసి పెట్టుకోవాలి. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ జగిత్యాల పొలాలను తడిపి, డీ-83 పిల్లకాలువ ద్వారా రామగుండం థర్మల్ కేంద్రం రిజర్వాయరు దాకా వెళ్తుంది. బొగ్గు, కరెంటు, వరి ఒకే నీటి మీద నడుస్తున్నప్పుడు పై ఊళ్లకు ఒక లెక్క, కింది ఊళ్లకు ఒక లెక్క పనికిరాదు.

ఏం కొలవాలి, ఎవరు కొలవాలి

కొలతకు సాధనాలు లేవనే సాకు ఇప్పుడు చెల్లదు. యూరప్ సెంటినల్-1 రాడార్ ఉపగ్రహాల సమాచారం 2014 నుంచి ఉచితంగా దొరుకుతోంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం ప్రతి 12 రోజులకూ అదే నేలను మళ్లీ చూస్తుంది. దాని పొడవాటి రాడార్ తరంగాలు పంటలు, అడవులున్న చోట కూడా నేల కదలికను సెంటీమీటరు లోపు పట్టగలవు. సర్వే కంబాలు పాతని పొలంలో, పేనల్ అంచు దాటిన ఊళ్లో కూడా కుంగుడు ఇక దాగదు.

ఉపగ్రహం వేసవి ఊటను మాత్రం కొలవలేదు. దానికి వాగు మీద చిన్న కొలత తూములు కావాలి. తవ్వకానికి కనీసం మూడు, నాలుగేళ్ల ముందు మొదలై గని మూతపడ్డాక కూడా సాగే రికార్డు కావాలి. జిల్లా ఖనిజ నిధికి 2015 నుంచి డబ్బు చేరుతోంది. సీసీ రోడ్లకు, కమ్యూనిటీ హాళ్లకు పోయే ఆ డబ్బులో ఒక వాటా ఈ రికార్డుకు పెడితే ఖర్చు పెద్దదేం కాదు. ఆ లెక్కను గని యాజమాన్యం ఒక్కటే రాయకూడదు. భూగర్భజల శాఖ, నీటిపారుదల శాఖ, మైనింగ్ చదివే పిల్లలు కలిసి రాసి, గ్రామపంచాయతీ గోడ మీద పెట్టాలి.

అన్నిటికన్నా ముందు, అనుమతి అడిగే కాగితంలో ఒక గడి పెరగాలి. పేనల్ కింద ఎంత బొగ్గు ఉంది, పైన ఎంత కుంగుతుంది అన్న గడుల పక్కన, ఈ పేనల్ ఏ వాగు పరీవాహకంలో ఉంది, ఆ వాగు మీద ఇప్పటిదాకా ఎన్ని పేనళ్లు తీశారు, వేసవి ధార ఎంత తగ్గింది అని ఉండాలి. ఒక్కొక్క పేనల్ విడిగా చూస్తే నష్టం ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ చిన్న నష్టాలన్నిటినీ కూడే గడి లేనంత కాలం, ప్రతి అనుమతీ సక్రమంగానే వస్తుంది, వాగూ ఎండుతూనే ఉంటుంది.